ఆటిజం ఉన్న పిల్లల కడుపు, సీసాల్లోని పోషకాలు: ఒకదానిలో ఒకటి చిక్కుకున్న మూడు ప్రశ్నలు

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో మా వీధి చివర ఉండే ఒక తల్లి నిరుడు వేసవిలో తన ఏడేళ్ళ కొడుకు మందుల సంచిని మా వరండాలో బోర్లించి, ఒక్కొక్క సీసానూ వరసగా నిలబెట్టింది. మల్టీవిటమిన్ సిరప్, కాల్షియం సిరప్, విటమిన్ డి చుక్కలు, జింక్ సిరప్, చేపనూనె గుళికలు, బీ6 మెగ్నీషియం పొడి, ప్రోబయాటిక్ సాషేలు, ‘మెదడు ఎదుగుదలకు’ అని రాసి ఉన్న చాక్లెట్ రంగు పొడి డబ్బా, మొత్తం ఎనిమిది. కొన్ని బరంపురంలో డాక్టరు రాసినవి, కొన్ని విశాఖలో ఎవరో చెప్పినవి, మిగిలినవి ఫోనులో వీడియోలు చూసి తెప్పించినవి. “మాస్టారూ, ఇందులో ఏది పని చేస్తాది? ఏది మానేయొచ్చు?” అని అడిగింది. ఆమె మాట్లాడుతున్నంత సేపూ బాబు అక్కడి మంచం పట్టెకు పొట్ట ఆనించి, వంగి, అలాగే ఉండిపోయాడు. ఆ వంగడం సంగతి ముందుముందు చెబుతాను, ఎందుకంటే ఆమె అడిగినదానికి జవాబులో సగం అక్కడే ఉంది.

సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణే గాని నేను వైద్యుణ్ణి కాను. అయితే ఆమె ప్రశ్నలో మూడు వేర్వేరు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయని మాత్రం అప్పుడే అర్థమైంది. ఈ పిల్లవాడికి కడుపులో జబ్బు ఉందా అన్నది మొదటిది. ఒంట్లో ఏదైనా పోషకం నిజంగా తక్కువైందా అన్నది రెండోది. ఆ జబ్బును గాని, ఆ లోపాన్ని గాని సరిచేస్తే ఆటిజం లక్షణాలు తగ్గుతాయా అన్నది మూడోది. మొదటి రెండు ప్రశ్నలకు పరీక్షలున్నాయి, చికిత్సలున్నాయి. అంగడిలో అమ్మకం జరిగేది ఎక్కువగా మూడోదాని పేరు మీద. ఈ మూడింటినీ విడదీసి చూస్తే తప్ప ఏ సీసా ఎందుకు ఇస్తున్నామో తేలదు.

ఆటిజం, సప్లిమెంటు, మందు: ఈ మాటలకు అర్థం

ఆటిజం అనేది మెదడు ఎదుగుదలలో పుట్టుకకు ముందునుంచే మొదలయ్యే తేడా. ఇతరులతో మాట కలపడంలో, చూపులోనూ సైగలోనూ భావాన్ని పంచుకోవడంలో ఇబ్బంది, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయడం, మార్పును తట్టుకోలేకపోవడం, శబ్దానికీ వెలుగుకూ తాకిడికీ రుచికీ ఎక్కువగానో తక్కువగానో స్పందించడం దాని ముఖ్య లక్షణాలు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఇది ఒకటి. రోగనిర్ధారణ లక్షణాలలో కడుపు సమస్య ఎక్కడా లేదు. కడుపు ఏమాత్రం ఇబ్బంది పెట్టని ఆటిజం పిల్లలు చాలామందే ఉన్నారు.

సప్లిమెంటు అంటే తిండికి తోడుగా ఇచ్చే పోషకం. విటమిన్లు, ఖనిజాలు, కొవ్వు ఆమ్లాలు, మేలు చేస్తాయని భావించే బ్యాక్టీరియా, ఇవన్నీ ఆ కోవలోవే. మన దేశంలో వీటిని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లో తెచ్చిన నిబంధనల కింద ఆహారంగా లెక్కిస్తారు. అందుకే డబ్బా మీద ఇది ఔషధ ప్రయోజనానికి కాదన్న హెచ్చరిక ఉండాలి, ఏ జబ్బునైనా నయం చేస్తుందని రాయకూడదు. మందు సంగతి వేరు. అది అంగడికి రావాలంటే ఫలానా జబ్బుకు ఫలానా మోతాదులో పని చేస్తుందని చూపించాలి. ఒకే విటమిన్ డి ఒక షాపులో మందుగానూ పక్క అరలో ఆహారంగానూ దొరుకుతుంది గనుక ఈ తేడా మామూలు కొనుగోలుదారుకు కనబడదు. డబ్బా అట్ట మీద నవ్వే పిల్లవాడి బొమ్మ, ‘ఫోకస్’, ‘బ్రెయిన్’ వంటి మాటలు మాత్రం కనబడతాయి.

కడుపు సమస్యలు నిజంగానే ఎక్కువా?

ఎక్కువే. 2014లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన సమీక్ష ఒకటి వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లలలో ఏదో ఒక జీర్ణకోశ సమస్య ఉండే సంభావ్యత మిగతా పిల్లలతో పోలిస్తే నాలుగు రెట్లకు పైగా ఉన్నట్టు, మలబద్ధకం, విరేచనాలు దాదాపు అదే స్థాయిలోనూ, కడుపునొప్పి రెండు రెట్లకు పైగానూ ఉన్నట్టు అందులో తేలింది. కాబట్టి “మీ వాడిది కడుపు కాదమ్మా, అంతా ఆటిజమే” అని తల్లి మాటను తోసిపుచ్చేవారి మాట సరైనది కాదు.

అలా తోసిపుచ్చే అలవాటుకు ఒక పాత కథ కూడా కారణం. 1998లో ‘లాన్సెట్’లో పన్నెండు మంది పిల్లల గురించి వచ్చిన ఒక వ్యాసం పేగుల వాపునూ, ఆటిజాన్నీ, తట్టు టీకానూ ముడిపెట్టింది. దాన్ని ఆ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది, దాని ప్రధాన రచయిత ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేరును బ్రిటన్ వైద్య మండలి అదే ఏడాది వైద్యుల పట్టిక నుంచి తొలగించింది. టీకాల మీద అది తెచ్చిన భయం అందరికీ తెలిసినదే. అంతగా తెలియని నష్టం ఇంకొకటి ఉంది: ఆటిజం పిల్లల కడుపు గురించి మాట్లాడితే చాలు అనుమానంగా చూసే పరిస్థితి చాలా ఏళ్ళు నడిచింది. 2010లో అమెరికా నిపుణుల బృందం ఒకటి ఆ చిక్కును విడదీసింది. ఆటిజానికే ప్రత్యేకమైన పేగు జబ్బు అంటూ ఒకటి ఉన్నదనడానికి ఆధారం లేదనీ, అయితే కడుపు సమస్య ఉన్న ఆటిజం పిల్లవాడికి మిగతా పిల్లలకు చేసే పరీక్షలూ చికిత్సా అంతే శ్రద్ధగా చేయాలనీ ఆ బృందం రాసింది. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా పనికొచ్చే వాక్యం అదే.

నొప్పి అని చెప్పలేని పిల్లవాడి నొప్పి

ఆ బృందమే మరో సంగతి కూడా నమోదు చేసింది. మాట రాని పిల్లలు, మాట వచ్చినా లోపలి బాధ ఎక్కడుందో గుర్తించలేని పిల్లలు కడుపునొప్పిని ప్రవర్తనలో చూపిస్తారు. ఉన్నట్టుండి తల బాదుకోవడం, చేయి కొరుక్కోవడం, రాత్రి నిద్ర మధ్యలో లేచి ఏడవడం, కారణం లేకుండా ముఖం చిట్లించడం, బల్ల అంచుకో మంచం పట్టెకో పొట్ట నొక్కి పెట్టడం వాటిలో కొన్ని. మా వరండాలో ఆ బాబు చేస్తున్నది అదే. వాళ్ళమ్మ దాన్ని ఆటిజం అలవాటు అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

వాడు ఐదు రోజులుగా రెండుకి వెళ్ళలేదు. అయినా నిక్కరు రోజుకు రెండుసార్లు మురికి అవుతోంది. దాన్ని విరేచనాలుగా భావించి ఆమె ప్రోబయాటిక్ సాషేలు, జింకు మొదలుపెట్టింది. ఇక్కడ జరుగుతున్నదేమిటో తెలుసుకుంటే మలబద్ధకం ఎంత మోసకారి జబ్బో అర్థమవుతుంది. ఒకసారి గట్టి మలం వచ్చి నొప్పి పెడితే పిల్లవాడు మరోసారి వచ్చినప్పుడు బిగపట్టుకుంటాడు. బిగపట్టిన కొద్దీ పెద్దపేగు అందులోని నీటిని పీల్చేస్తుంది, మలం ఇంకా గట్టిపడుతుంది, ఇంకా నొప్పి పెడుతుంది. వారాలు గడిచేసరికి పేగు చివరి భాగం సాగిపోయి, నిండిందన్న కబురును మెదడుకు సరిగ్గా పంపలేకపోతుంది. పైనుంచి వచ్చే పలచని మలం ఆ గట్టి ముద్ద పక్కల నుంచి జారి బయటికి కారుతుంది. చూసేవారికి అది విరేచనం, లోపల ఉన్నది మలబద్ధకం. దీనికి విరేచనాలు కట్టే మందు వేస్తే పరిస్థితి ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఆటిజం ఉన్న పిల్లలలో ఈ చక్రం తేలిగ్గా మొదలవడానికి కారణాలు చాలానే ఉన్నాయి. కొందరికి లోపలి సంకేతాలు సరిగా తెలియవు. కొందరికి మరుగుదొడ్డిలోని చల్లని నేల, నీళ్ళ చప్పుడు, వాసన భరించరానివి. ఇంట్లో తప్ప మరెక్కడా వెళ్ళనివారు బడి వేళంతా బిగపట్టుకుంటారు. తెల్లన్నం, బిస్కెట్లు, పాలు తప్ప ముట్టనివారికి పీచు అందదు. మన ఊళ్ళలో దీనికి ఆముదం పట్టిస్తారు. అది ఆ పూటకు కడుపును ఖాళీ చేయవచ్చు గాని సాగిపోయిన పేగు మళ్ళీ తన ఆకారానికి రావడానికి నెలలు పడుతుంది. అందుకే పిల్లల వైద్యులు మొదట పేరుకున్నదాన్ని కరిగించి, ఆ తరువాత పాలీఇథిలీన్ గ్లైకాల్ వంటి నీటిని పట్టి ఉంచే పొడిని మోతాదు సరిచూస్తూ నెలల తరబడి ఇస్తారు. ఇది ఆటిజానికి మందు కాదు, మలబద్ధకానికి మందు. అయినా నొప్పి పోయిన పిల్లవాడు నిద్రపోతాడు, నిద్రపోయిన పిల్లవాడు పగలు తక్కువ విసుగుపడతాడు. ఆ మార్పును ఆటిజం తగ్గడంగా చదవడం సహజమే, కాని అది నొప్పి తగ్గడం.

పేగుల్లోని సూక్ష్మజీవులు: బాణం ఏ వైపుకు?

మన పేగుల్లో లక్షల కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. పేగుకూ మెదడుకూ నరాల ద్వారా, రక్తం ద్వారా కబుర్లు నడుస్తాయి. శరీరంలో కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనంలో తొంభై శాతం దాకా తయారయ్యేది పేగుల్లోనే. ఈ మూడు మాటలూ నిజమే. వీటి మీద కట్టిన వాదం ఏమిటంటే, చెడ్డ సూక్ష్మజీవుల వల్లనే ఆటిజం లక్షణాలు వస్తున్నాయి గనుక మంచివాటిని నింపితే అవి తగ్గుతాయని. ఈ వాదాన్ని నమ్మేవారికి చూపించడానికి ప్రయోగాలు లేకపోలేదు. 2013లో కాలిఫోర్నియాలో ఎలుకల మీద చేసిన పనిలో ఒక రకం బ్యాక్టీరియా ఇచ్చాక కొన్ని ప్రవర్తనలు మారాయి. 2017లో అరిజోనాలో 18 మంది పిల్లలకు ఆరోగ్యవంతుల పేగు సూక్ష్మజీవులను ఎక్కిస్తే కడుపు లక్షణాలతో పాటు ఆటిజం లక్షణాలూ తగ్గాయని, రెండేళ్ళ తరువాత కూడా ఆ మేలు నిలిచిందని పరిశోధకులు రాశారు. అయితే అందులో ఉత్తుత్తి చికిత్స పొందిన పోలిక బృందం లేదు, ఏమి ఇస్తున్నదీ తల్లిదండ్రులకు తెలుసు. ఈ రెండు లోపాలూ ఉన్న ప్రయోగం ఆశను చూపగలదు గాని రుజువు కాలేదు.

రెండో పక్షం బాణాన్ని తిప్పి గీస్తుంది. 2021లో ‘సెల్’ పత్రికలో ఆస్ట్రేలియాకు చెందిన 247 మంది పిల్లల మీద అధ్యయనం వచ్చింది. ఆటిజానికీ సూక్ష్మజీవుల తేడాకూ నేరుగా ఉన్న సంబంధం చాలా తక్కువనీ, ఆటిజం వల్ల తిండిలో ఎంపిక ఎక్కువై, తిండిలో వైవిధ్యం తగ్గి, దానివల్ల సూక్ష్మజీవుల వైవిధ్యం తగ్గుతున్నదనీ అందులో వాదించారు. మన ఇళ్ళ భాషలో చెప్పాలంటే, రోజూ తెల్లన్నమూ మారీ బిస్కెట్లూ తినే పిల్లవాడి పేగుల్లో పప్పూ ఆకుకూరా అరిగించే జీవులు ఎందుకు ఉంటాయి? 2024లో హాంకాంగ్ బృందం 1,600 మందికి పైగా పిల్లలను పరిశీలించి, తిండి, మందులు వంటివి లెక్కలోకి తీసుకున్నా సూక్ష్మజీవులలో కొంత తేడా మిగులుతున్నదని చెప్పింది. అంటే వివాదం ముగియలేదు. తేడా ఉండడం ఒకటి, ఆ తేడాయే కారణం కావడం మరొకటి అన్న మాటను మాత్రం ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి.

ప్రోబయాటిక్ సాషేల సంగతీ ఇక్కడే తేలుతుంది. ఇటలీలో 85 మంది చిన్నపిల్లల మీద ఆరు నెలలు నడిచిన, పోలిక బృందం ఉన్న ప్రయోగంలో మొత్తం మీద ఆటిజం తీవ్రతలో రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కడుపు సమస్యలు ఉన్న పిల్లలను విడిగా చూస్తే కడుపు లక్షణాలలోనూ, రోజువారీ నేర్పులు కొన్నింటిలోనూ మెరుగు కనిపించింది. అది కూడా ఒక నిర్దిష్టమైన బ్యాక్టీరియా మిశ్రమంతో వచ్చిన ఫలితం. మన మందుల షాపులో అదే పేరు అరలో ఉన్న ప్రతి సాషేకూ అది వర్తించదు, ఎందుకంటే ప్రోబయాటిక్ అన్న ఒకే మాట కింద పదుల రకాల జీవులున్నాయి.

ఎంచి తినే పిల్లవాడికి ఏవి తక్కువవుతాయి?

ఇది రెండో ప్రశ్న. ఇక్కడ సప్లిమెంట్లకు నిజమైన చోటు ఉంది. ఆటిజం ఉన్న పిల్లలు కొందరు నాలుగైదు వస్తువులు తప్ప ఏమీ తినరు. రంగు మారినా, మెత్తదనం మారినా, ఒక కంపెనీ బిస్కెట్ బదులు మరొకటి పెట్టినా తోసేస్తారు. ఇలాంటి పిల్లలలో కాలు నొప్పితో నడవలేకపోతే ఎముకల జబ్బనుకుని ఎన్నో పరీక్షలు చేశాక చివరకు విటమిన్ సి లోపం వల్ల వచ్చే స్కర్వీ అని తేలిన కేసులు వైద్య పత్రికల్లో పదేపదే వచ్చాయి. విటమిన్ ఎ లోపంతో కంటిచూపు పోయిన కేసులూ ఉన్నాయి. ఒక జామకాయ తినని పిల్లవాడికి విటమిన్ సి చుక్కలు ఇవ్వడం వ్యాపారపు మాయ అనలేము.

రక్తహీనత మరింత మామూలు విషయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం దేశంలో ఐదేళ్ళలోపు పిల్లలలో 67 శాతం మందికి అది ఉంది, ఆటిజం ఉన్నా లేకపోయినా. ఇనుము తగ్గితే విసుగు, నిద్రలో కాళ్ళు కదపడం, శ్రద్ధ నిలవకపోవడం పెరుగుతాయి. కాని మా వైపు, అంటే దక్షిణ ఒడిశాలోనూ, ఆ పక్కన ఆంధ్ర సరిహద్దులోని గిరిజన ప్రాంతాలలోనూ, ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారే కొడవలి కణ వ్యాధి (సికిల్ సెల్) కూడా ఉన్నందువల్ల రక్తం తక్కువ ఉండడానికి కారణం ఇనుమే అని పరీక్ష లేకుండా తేల్చలేము. ఇనుము అవసరం లేనివారికి ఇస్తే ఒరిగేది లేదు, పైగా మలం గట్టిపడుతుంది.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. సీసాలో ఉన్న పోషకం తానే కడుపును మారుస్తుంది. ఇనుము, కాల్షియం మలబద్ధకాన్ని పెంచుతాయి. మెగ్నీషియం, ఎక్కువ మోతాదు విటమిన్ సి విరేచనాలు తెస్తాయి. సిరప్‌లను తీయగా చేసే సార్బిటాల్ గ్యాసునూ పలచని మలాన్నీ తెస్తుంది. బీ6 మెగ్నీషియం మిశ్రమాన్ని ఆటిజం కోసం 1960ల నుంచీ వాడుతున్నారు. 2005లో, వైద్య ప్రయోగాలను ఒకచోట చేర్చి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష దానికి తగిన ఆధారం లేదని తేల్చింది. అయినా “అది వేశాక మావాడు నెమ్మదించాడు” అనే తల్లిదండ్రులు నిజం చెప్పడం లేదని నేను అనుకోను. మెగ్నీషియం మలాన్ని మెత్తబరిచి నొప్పి తీసివుంటే ఆ నెమ్మది అలా కూడా వచ్చి ఉండవచ్చు.

గోధుమ, పాలు మానేస్తే?

గోధుమలోని గ్లూటెన్, పాలలోని కేసీన్ అరగక మత్తుపదార్థం లాంటి ముక్కలుగా మారి, పేగు గోడ దాటి మెదడుకు చేరుతున్నాయన్న ఊహ 1970ల చివరి నుంచి ఉంది. దాని ఆధారంగా రెండింటినీ మానిపించే పథ్యం వచ్చింది. 2016లో వెలువడిన అమెరికా ప్రయోగంలో ఆ పథ్యంలో ఉన్న 14 మంది పిల్లలకు ఎవరికీ తెలియకుండా కొన్ని వారాలు గ్లూటెన్, కేసీన్ ఉన్న తినుబండారాలు, కొన్ని వారాలు లేనివి ఇచ్చి చూశారు. ప్రవర్తనలో గాని నిద్రలో గాని మలవిసర్జనలో గాని తేడా రాలేదు. చిన్న ప్రయోగమే, కాని జాగ్రత్తగా చేసినది.

మన ఇళ్ళకు వచ్చేసరికి ఈ పథ్యం లెక్క మారుతుంది. ఇడ్లీ, పఖాళ (ఒడియా చద్దన్నం), అటుకులు, మరమరాలు, రాగి జావ, వీటిలో గ్లూటెన్ లేదు. బొంబాయిరవ్వ ఉప్మా, బ్రెడ్డు, బిస్కెట్టు మానితే గోధుమ దాదాపు మానినట్టే, దానివల్ల పెద్ద నష్టం లేదు. పాలూ పెరుగూ మానడం మాత్రం తేలిక కాదు, ఎందుకంటే ఎంచి తినే పిల్లవాడికి మాంసకృత్తులూ కాల్షియమూ దాదాపు అక్కడినుంచే వస్తాయి. రాగులలో వంద గ్రాములకు 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉందని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చెబుతాయి. కోరాపుట్, రాయగడ వైపు మాండియా ఝావు, అంటే రాగి జావ, తాగే పిల్లలకు ఆ దారి ఉంది, అది మింగే పిల్లవాడైతే.

పాలు మానాక ఉబ్బరం తగ్గిందనే వారి అనుభవానికి మరో వివరణ ఉంది. మన దేశంలో చాలామందికి వయసు పెరిగేకొద్దీ పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, సరిగా అరగదు. అది కేసీన్ సంగతి కాదు, ఆటిజం సంగతీ కాదు. అలాంటివారికి పెరుగు చాలావరకు పడుతుంది. అలాగే గోధుమ పడని సీలియాక్ అనే నిజమైన జబ్బు ఒకటి ఉంది, దానికి రక్తపరీక్ష ఉంది. గోధుమ తింటున్న రోజుల్లో చేస్తేనే ఆ పరీక్షకు విలువ. ముందే మానేస్తే జబ్బు ఉన్నా దొరకదు.

చేపనూనె, ఫోలినిక్ ఆమ్లం, నిన్నమొన్నటి వార్తలు

చేపనూనెలోని ఒమేగా-3 మీద 2011లో వచ్చిన కాక్రేన్ సమీక్ష ఆటిజం లక్షణాలకు మేలు చేస్తుందనడానికి తగినంత ఆధారం లేదంది. గట్టి హానీ లేదు, గట్టి మేలూ చూపలేదు. చిలికా నుంచి బరంపురం బజారుకు వచ్చే చేపను తినే పిల్లవాడికి గుళికల అవసరం ఏముందో ఆలోచించాలి.

2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం ల్యూకోవోరిన్ గురించి ప్రకటన చేశాక మన వైపు కూడా దాన్ని అడిగేవారు బయలుదేరారు. ల్యూకోవోరిన్ అంటే ఫోలినిక్ ఆమ్లం. ఇది గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర కాదు. కేన్సర్ చికిత్సలో మెథోట్రెక్సేట్ దుష్ప్రభావాలను తగ్గించడానికి దశాబ్దాలుగా వాడుతున్న మందు. కొందరు పిల్లలలో ఫోలేట్ మెదడుకు చేరే దారిని వాళ్ళ సొంత యాంటీబాడీలే అడ్డుకుంటాయని, ఈ మందు మరో దారిలో చేరుతుందని సిద్ధాంతం. 48 మంది పిల్లల మీద పన్నెండు వారాలు జరిగిన ఒక ప్రయోగంలో మాటలో మెరుగు, ముఖ్యంగా ఆ యాంటీబాడీలు ఉన్నవారిలో, కనిపించింది. ఆశ కలిగించేదే, కాని చిన్నది. దీన్ని సప్లిమెంటుగా భావించి సొంతంగా తెప్పించుకోవడం ఆ ప్రయోగం చెప్పిన మాట కాదు.

పని చేయనిది పని చేసినట్టు ఎందుకు కనిపిస్తుంది?

1998లో సెక్రెటిన్ అనే జీర్ణ హార్మోను ఎక్కించాక ముగ్గురు పిల్లలలో మాట, చూపు మెరుగుపడ్డాయని వార్త వచ్చింది. అమెరికాలో వేలమంది తల్లిదండ్రులు దానికోసం పరుగులు తీశారు. మరుసటి ఏడాది అరవై మంది పిల్లలను రెండు బృందాలు చేసి ఒక బృందానికి సెక్రెటిన్, మరొకదానికి ఉప్పునీరు ఎక్కించి చూశారు. రెండు బృందాలలోనూ దాదాపు సమానంగా, సుమారు మూడో వంతు మంది మెరుగుపడ్డారు. ఫలితం చెప్పాక కూడా పదిమంది తల్లిదండ్రులలో దాదాపు ఏడుగురు సెక్రెటిన్ మీద ఆసక్తి వదులుకోలేదు.

ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడానికి నేను ఈ సంగతి చెప్పడం లేదు. పిల్లలు ఎదుగుతారు, ఆటిజం ఉన్న పిల్లలూ ఎదుగుతారు. బాధ శిఖరానికి చేరినప్పుడే మనం కొత్త సీసా తెస్తాం, ఆ తరువాత బాధ ఎలాగూ కొంత దిగుతుంది. తెచ్చిన రోజు నుంచి పిల్లవాణ్ణి కళ్ళలో వత్తులేసుకుని చూస్తాం, అంతకు ముందూ ఉన్న చిన్న చిన్న మంచి అప్పుడే కనబడుతుంది. అదే నెలలో స్పీచ్ థెరపీ కూడా మొదలై ఉంటే ఫలానా మార్పు దేనివల్ల అని ఎవరు చెప్పగలరు? ఉప్పునీటి బృందం లేకుండా ఏ అనుభవమూ, ఎంత నిజాయితీగా చెప్పినా, ఈ చిక్కును విప్పలేదు.

ఎనిమిది సీసాల కూడిక

ఏ సీసాకు ఆ సీసా చూస్తే అన్నీ మోతాదులోనే ఉన్నట్టుంటాయి. ఒక లెక్క వేసి చూద్దాం. మల్టీవిటమిన్ చెంచాలో విటమిన్ డి 400 యూనిట్లు, కాల్షియం సిరప్ రెండు చెంచాల్లో 500, చుక్కల మందులో 800, పాలలో కలిపే పొడిలో 400 ఉన్నాయనుకుందాం. మొత్తం 2,100. నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు కావలసినది 600, అమెరికా నిపుణుల లెక్కలో దాటకూడని పైహద్దు 3,000. ఇంతవరకు ఫరవాలేదు. ఇప్పుడు ఎప్పుడో లోపానికి డాక్టరు కొన్ని వారాలకు రాసిన 60,000 యూనిట్ల వారపు సాషేను ఆపకుండా కొనసాగించారనుకుందాం. దాన్ని ఏడుతో భాగిస్తే రోజుకు సుమారు 8,570. మొత్తం 10,600 దాటింది, పైహద్దుకు మూడున్నర రెట్లు.

ఇది ఊహ కోసం చెప్పిన లెక్క. కాని 2016లో బ్రిటన్ వైద్య పత్రిక ఒకటి నిజంగా జరిగిన కేసును ప్రచురించింది. ఆటిజం ఉన్న నాలుగేళ్ళ బాబుకు ప్రకృతి వైద్యుడొకరి సలహాతో పన్నెండు రకాల సప్లిమెంట్లు ఇచ్చారు. వాడు వాంతులతో, విపరీతమైన దాహంతో, మూడు వారాలలో మూడు కిలోల బరువు తగ్గి ఆసుపత్రిలో చేరాడు. విటమిన్ డి ఎక్కువై రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగింది. ఆ పన్నెండింటిలో విటమిన్ డి కూడా ఉందన్న సంగతి వైద్యులకు మొదట చెప్పలేదు, అవి ‘సహజమైనవి’ గనుక చెప్పాలని ఎవరికీ తోచలేదు.

జింక్ సిరప్ కూడా ఇలాంటిదే. విరేచనాలకు రోజుకు 20 మిల్లీగ్రాములు పద్నాలుగు రోజులు ఇవ్వడం ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పద్ధతే. ఏళ్ళ తరబడి సాగితే అది ఆ వయసు పైహద్దు అయిన 12ను రోజూ దాటుతూ రాగి లోపం తెస్తుంది. బీ6 అతిగా సాగితే చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కే నరాల జబ్బు వస్తుంది, అది మాట రాని పిల్లవాడు చెప్పలేని బాధ. ‘సహజం’ అన్న మాటకు మూలికా మందులూ మినహాయింపు కాదు. 2004లో అమెరికాలోని బోస్టన్ పరిసరాల దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి దొరికాయి. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీసే లోహం.

రెండు భాషల మధ్య కడుపు కథ

మా సరిహద్దు ఊళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది, దాని కింద జిల్లా కేంద్రాలలో పిల్లల ఎదుగుదల లోపాలను చూసే డీఈఐసీలు ఏర్పడ్డాయి. అక్కడ మాట్లాడేది ఒడియా. ఇంట్లో తెలుగు. మందు చీటీ ఒకటి బరంపురంలో, ఒకటి శ్రీకాకుళంలో, ఒకటి విశాఖలో. ఒకరు రాసినది మరొకరు చూడరు, తల్లి చెప్పినదే చరిత్ర. మా వీధి తల్లి మొదటిసారి ఆసుపత్రిలో మలవిసర్జనకు వాడుతున్న ‘ఝాడా’ అన్న ఒడియా మాటకు విరేచనాలని అర్థం చెప్పుకుని, రోజుకు రెండుసార్లు అవుతోందని చెప్పిందట. ఎన్ని రోజులకు ఒకసారి గట్టిగా వెళ్తాడన్న ప్రశ్న ఆమెకు చేరనే లేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆమె ఎనిమిది సీసాలూ సంచిలో వేసుకుని, పది రోజులపాటు క్యాలెండరు గళ్ళల్లో రాసిన గుర్తులు కూడా తీసుకెళ్ళింది: వెళ్ళిన రోజుకు సున్నా, కారిన ప్రతిసారికీ చుక్క, మంచం పట్టెకు వంగిన పూటకు గీత. పది గళ్ళల్లో ఒక్క సున్నా, పదిహేడు చుక్కలు, గీతలు లెక్కపెట్టలేదు. అది చూసిన పిల్లల డాక్టరు పొట్ట తడిమి, ఎడమ వైపు కింద గట్టి ముద్దలు వేలికి తగలడం ఆమెకు కూడా చూపించింది.

ఇప్పటికి ఎనిమిది నెలలు. మలాన్ని మెత్తబరిచే పొడి ఇంకా నడుస్తోంది, మోతాదు సగమైంది. రక్తపరీక్షలో ఇనుము తక్కువని తేలితే ఆ మందు మూడు నెలలు ఇచ్చి ఆపారు. పళ్ళు ఇప్పటికీ ముట్టడు గనుక మల్టీవిటమిన్ సిరప్ ఉంచారు. మిగతా ఏడు సీసాలు మానేశారు. బాబు రాత్రి తెల్లవార్లూ పడుకుంటున్నాడు, తల బాదుకోవడం చాలావరకు తగ్గింది. మాటలు మాత్రం అవే ఆరు, కొత్తవి రాలేదు, ఫ్యానును చూస్తూ చేతులు ఆడించడం అలాగే ఉంది. మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు వాడు మంచం పట్టె దగ్గరికి పోలేదు, తిన్నగా వెళ్ళి ఫ్యాను స్విచ్చి కింద నిలబడ్డాడు.